మొక్కజొన్నను ఊడ్చిన ఏడు

ఆ రోజుల్లో మా వైపు సేద్యమంటే రెండే: వరి, కొబ్బరి. మూడోది ఉందని ఎవరైనా అంటే "ఆయ్, ఉంటుందండి" అని మర్యాదకి ఒప్పుకునేవాళ్లమే గానీ నమ్మేవాళ్లం కాదు. మొక్కజొన్న అనేది అమలాపురం బస్టాండు దగ్గర బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ నిమ్మచెక్కా రాసి చేతికిచ్చే చిరుతిండి. దానికి ఎక్కడో ఒక చేను, ఆ చేనికి ఒక రైతు, ఆ రైతుకి ఒక దిగులు ఉంటాయని మాకు తోచేది కాదు. అటువంటి మేం ఒక ఏడు మొక్కజొన్న వేశాం. వేశామని ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పేస్తున్నాను గానీ, ఆ ఏడు జరిగింది తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు దానంతట అదే ఆగిపోతుంది.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాన్నగారు హైస్కూల్లో సంస్కృతం చెప్పేవారు. ఊళ్లోవాళ్లకి ముహూర్తాలు కూడా చూసిపెట్టేవారు కాబట్టి మా ఇంటికి వచ్చే జనానికి లెక్క ఉండేది కాదు. ఇంట్లో మామ్మ, అమ్మ, మేం పిల్లలం, చదువుకోడానికని వచ్చి ఉండిపోయిన చుట్టాల కుర్రాళ్లు, వీళ్లందరికీ వండిపెట్టడానికి మా చిట్టత్త. చిట్టత్త నాన్నగారికి చెల్లెలు. పెళ్లయిన కొద్దికాలానికే మావయ్యగారు జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆవిడ మా ఇంట్లో ఉండేది అనడం కంటే మా వంటింట్లో ఉండేది అనడం సబబు. రాత్రి అందరూ పడుకున్నాక ఎక్కడ ఖాళీ మిగిలితే అక్కడ చాప పరుచుకునేది. ఒకరోజు బియ్యం బస్తాల పక్కన, ఒకరోజు నడవలో, చుట్టాలు మరీ ఎక్కువైతే పొయ్యి దగ్గర. ఆవిణ్ణి మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కారు. ఆ సంగతి మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం కూడా (గొప్ప చెప్పుకోడానికి మనుషులకి ఎంత తక్కువ కావాలో చూడండి).

ఆవిడకంటూ లోకంలో ఉన్నది ఒక్కటే, గౌతమీ గోదావరి మధ్య లంకలో కొంచెం భూమి. మనోవర్తి కింద, అంటే భర్త పోయిన మనిషికి బతుకుతెరువుగా, అత్తవారు రాసిచ్చినది. ఆ ఏడు వరదకి దాని మీద ఇసక మేట వేసేసింది. కౌలుకి చేసే రైతు వచ్చి, "ఇసకలో ఏం పండుద్దండీ, నా వల్ల కాదండి, ఏవనుకోకండి" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. వెంటనే లంకలో పక్క భూమి కామందు మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. ఆయన్ని మేం మీసాలాయన అనేవాళ్లం. ఆ భూమి తనకిచ్చేస్తే గొడవ వదిలిపోతుందన్నాడు. నాన్నగారికి సబబుగానే తోచింది. సరే అనబోతుండగా గుమ్మంలోంచి చిట్టత్త గొంతు వినిపించింది.

"అన్నయ్యా, ఒక్క పంట నేను వేయించి చూస్తాను. అది పండకపోతే నువ్వు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

నాన్నగారు గోడ మాట్లాడినట్టు చూశారు. "నీకెందుకే చిట్టీ ఈ శ్రమ? నిన్ను మేం చూసుకోటంలేదూ?" అన్నారు.

"చూసుకుంటున్నారు. అయినా ఒక్క పంట."

మామ్మ లోపల్నించి ఏదో సణిగింది. మీసాలాయన మర్యాదస్థుడు కాబట్టి "ఆయ్, అమ్మాయిగారి ముచ్చట కాదనకండి. పంటయ్యేకే మాట్లాడుకుందారి" అని లేచాడు. ఆయన మీసాల వెనక నవ్వు నాకు కనిపించింది. ఒంటరి ఆడది రేవు దాటి లంకకి ఎలా వెళ్తుందన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నా వైపు చూశారు. అప్పుడు నేను ఇంటర్మీడియట్ పాసై, పైచదువుకి పంపాలా వద్దా అని పెద్దవాళ్లు తేల్చుకునేదాకా ఇంట్లో కాలక్షేపం చేస్తున్నాను. పైగా వృక్షశాస్త్రం చదివాను. మా ఇంట్లో సున్నిపిండికి పెసలు నానబెట్టాలా వద్దా అన్నా నన్నే అడిగేవారు. అలా నేను చిట్టత్తకి తోడుగానూ, శాస్త్ర సలహాదారుగానూ నియమింపబడ్డాను.

ఇసక మేటలో మొక్కజొన్న బాగా వస్తుందని చెప్పింది గ్రామసేవకుడు, అంటే రైతులకి సేద్యం సలహాలు చెప్పడానికి సర్కారు వేసిన ఉద్యోగి. సైకిలు మీద తిరిగే బక్కపలచని మనిషి. ఎవరేమన్నా ముందు "ఆయ్" అని, ఆ తరవాత ఆలోచించేవాడు. అందుకని ఆయనకి మేం పెట్టుకున్న పేరు ఆయ్ బాబుగారు. ఆయనే విత్తనం తెప్పించి, లంకలో తాడు లాగించి, తన చేత్తో జాన కొలిచి చూపించాడు. "బారుకీ బారుకీ మధ్య రెండడుగుల పైచిలుకు, మొక్కకీ మొక్కకీ మధ్య జానెడండి. గుంటకి రెండేసి గింజలెయ్యండి, ఒకటి పోయినా ఒకటి మొలుస్తుందండి. రెండూ మొలిస్తే మాత్రం బలంగా ఉన్నదాన్ని ఉంచి రెండోది పీకెయ్యాలండి."

"రెండూ ఉంటే రెండింటికీ పొత్తులొస్తాయి కదండీ?" అంది చిట్టత్త.

"రావండి. ఒకే చోట ఉంటే కొట్టుకు చస్తాయండి," అని, మంచి పని మొదలెడుతూ ఆ మాట అన్నందుకు చప్పున నాలుక కరుచుకున్నాడు. "అంటే ఏంలేదండి, అన్నిటికీ ఎడం సమానంగా ఉంటే అన్నిటికీ ఎండ ఒకలాగే అందుద్ది, నీళ్లూ ఒకలాగే అందుతాయండి. అప్పుడు అన్నీ కలిసి ఎదుగుతాయండి. ఒకటి వెనకపడితే ఇంక అంతేనండి." ఆ మాట చెప్పి ఆయన ఏదో శిక్షణ ఉందని పొరుగూరు వెళ్లిపోయాడు. మా దౌర్భాగ్యం అక్కడ మొదలైంది.

కార్తీకమాసంలో విత్తనం వేశాం. పనికి వచ్చింది ఏటా మా ఊడ్పులకి, అంటే వరినాట్లకి, వచ్చే ఆడవాళ్లే. వాళ్లలో పెద్దావిడ ఊడ్పుల్లో పాట ఎత్తుకునేది కాబట్టి పాట పెద్దమ్మ అనేవాళ్లం. గింజలు చక్కగానే మొలిచాయి, మరీ చక్కగా మొలిచాయి. చాలా గుంటల్లో జంటలుగా లేచాయి. గోరువంకలు దిగిన చోట మాత్రం బారుల మధ్య బోసిగా ఖాళీలు పడ్డాయి. మొలకలు కాస్త ఎదిగాక, రెండోదాన్ని పీకే రోజు వచ్చింది. ఆడవాళ్లు వంగారు, మొక్కల్ని పట్టుకున్నారు, ఆగిపోయారు.

"పీకి ఎక్కడెయ్యమంటారమ్మా?" అంది పాట పెద్దమ్మ.

"గట్టు మీద పారేయమన్నారు," అన్నాను.

"పారేత్తమా! మొలిచినదాన్నా! కళ్లు పోతాయి తల్లీ. పీకినదాన్ని నాటాలి గానీ పారేత్తారా ఎక్కడన్నా?"

అందరూ తలలూపారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మా డెల్టాలో మొక్కని పీకడమంటే సగం పని, మిగతా సగం నాటడం. నారుమడిలో పీకిన నారు చేలో నాటకుండా పారేసినవాణ్ణి మేం ఎరగం. చిట్టత్త నా వైపు చూసింది. శాస్త్ర సలహాదారు గొంతు సవరించుకుంది. వరీ మొక్కజొన్నా రెండూ గడ్డిజాతివేననీ, శాస్త్రం ప్రకారం ఒకే కుటుంబమనీ, అన్నదమ్ముల్లో ఒకడికి సరిపడింది రెండోవాడికి సరిపడకపోదనీ నేను లంక మధ్య నిలబడి ఉపన్యసించాను. ఒకే కుటుంబంలోనివాళ్లు ఒకేలా ఉంటారని పద్దెనిమిదేళ్లు మా ఇంట్లో పెరిగి కూడా ఎలా అన్నానో నాకిప్పటికీ అర్థం కాదు.

"అయితే దేన్నీ పారేయక్కర్లేదన్నమాట," అంది చిట్టత్త. ఆవిడ మొహం విప్పారింది. ఆ మొహం చూశాక బ్రహ్మదేవుడు వచ్చి వద్దన్నా మేం వినేవాళ్లం కాదు.

ఇంకేముంది, మొక్కజొన్నని ఊడ్చాం. పీకిన మొక్కల్ని పిడికిళ్లుగా కట్టారు, గోదాట్లోంచి బిందెలతో నీళ్లు మోసి తడిపారు, ముందు ఖాళీల్లో నాటారు. ఖాళీలన్నీ నిండినా ఇంకా మొక్కలు మిగిలాయి. వాటిని బతికున్న మొక్కకీ మొక్కకీ మధ్య ఉన్న ఆ జానెడు చోట్లోనే ఇరికించారు. పాట పెద్దమ్మ పాట ఎత్తుకుంది. తక్కినవాళ్లు అందుకున్నారు. చిట్టత్త బండారులంక నేతచీర కొంగు నడుముకి దోపుకుని మోకాలు లోతు బురద ఉన్నట్టే వంగి నాటింది (ఉన్నది పొడి ఇసక). సాయంత్రానికి ఎక్కడా నేల కనిపించకుండా చేనంతా పచ్చగా నిండిపోయింది. అంత అందమైన చేను నేను అంతవరకూ చూడలేదు.

సరిగ్గా ఆ సమయానికి శిక్షణ ముగించుకుని ఆయ్ బాబుగారు పడవ దిగాడు. ఊడ్పుల్లో గట్టున వచ్చే పెద్దమనిషి కాళ్ల ముందు నారు పిడికెడు పెట్టి ఈనాం అడగడం మా వైపు ఆనవాయితీ. ఆడవాళ్లు ఘొల్లున నవ్వుతూ పరుగెత్తుకెళ్లి ఆయన్ని చుట్టుముట్టి, కాళ్ల ముందు మొక్కజొన్న మొలకలు పెట్టారు. ఆయన కిందికి చూశాడు. తరవాత చేను వైపు చూశాడు. ఆ మొహంలో రంగు ఒక్కొక్కటిగా దిగిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను.

"మొక్కజొన్నని... ఊడ్చేరాండీ?"

"ఆయ్!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

"బాగుందండి," అన్నాడాయన. మా కోనసీమలో ఇల్లు తగలబడుతున్నా ముందు అనే మాట అదే. "చాలా శ్రమపడ్డారండి. చాలా... ఒత్తుగా ఉందండి. ఆయ్. కానండీ..." జేబులో ఉన్న చిల్లరంతా తీసి పాట పెద్దమ్మ చేతిలో పెట్టి, ఆ 'కానండీ' అనే మాట మీదే రెండు మూడుసార్లు గుటకలు మింగి, చివరికి చిట్టత్తతో చెప్పాడు. పీకి నాటిన మొక్క వేరు దెబ్బతిని వెనకపడిపోతుంది. పక్కనున్నవి తలెత్తేసరికి ఇది వాటి నీడలో పడుతుంది. చావదు, పొడుగ్గా సాగుతుంది, పక్కవాటి నీళ్లూ ఎరువూ తింటుంది, కానీ పొత్తు వెయ్యదు. దానివల్ల పక్కవాటి పొత్తులు కూడా చిక్కిపోతాయి. "మనం నాటినా సరే అమ్మగారండీ, మొక్కజొన్నలో వెనకపడ్డ మొక్క కలుపుతో సమానమండి. పీకెయ్యకపోతే పంట దక్కదండి."

ఆయన మనసులో ఏమీ లేదు. పంట గురించే చెప్పాడు. కానీ ఇంకొకరి చోట్లో ఆలస్యంగా వచ్చి ఇరుక్కోవడం, నీడలో నిలబడి తినడం, కాయకపోవడం, ఈ మాటలు చిట్టత్తకి ఎక్కడ తగులుతాయో చేలో ఉన్న ఆడవాళ్లందరికీ తెలిసింది. పాట పెద్దమ్మ చేతిలో చిల్లర కొంగున కట్టుకోవడం కూడా మరిచిపోయి నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు పడవలో చిట్టత్త నా పక్కన కూర్చుంది.

"కలుపంటే ఏమిటే?" అంది హఠాత్తుగా.

"అక్కర్లేని మొక్క, అత్తా."

"అక్కర్లేనిదా? తన చోటు కాని చోట ఉన్నదా?"

ఏ పరీక్షలోనూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్లీ లంకకి బయల్దేరింది. ఆడవాళ్లు పీకమంటే పీకరని తెలుసు కాబట్టి తనే వంగింది. నాటిన ప్రతి మొక్కనీ పీకి గట్టున పెట్టింది. విసిరేయలేదు, వరసగా పడుకోబెట్టింది. కాసేపు చూసి పాట పెద్దమ్మ కూడా వచ్చి వంగింది, తరవాత మిగతావాళ్లూ వంగారు. ఆ రోజు ఎవరూ పాట ఎత్తుకోలేదు. చేనంతా అయ్యాక రేవు పక్కనున్న చిన్న నేలచెక్క ఒక్కటీ మిగిలింది. చిట్టత్త నడుం పట్టుకుని నిలబడి, "దాన్ని వదిలెయ్యండి. ఇంక నా వల్ల కాదు," అంది. ఆవిడ అలిసిపోయి అన్నదో, మరెందుకన్నదో మేం అడగలేదు.

పూత వచ్చే వేళకి నాన్నగారు, మీసాలాయన చేను చూడడానికి వచ్చారు. పడవ దిగుతూనే ఎదురుగా రేవు పక్క చెక్క, పీకకుండా వదిలేసినది, గోడ కట్టినట్టు ఒత్తుగా, నిలువెత్తున పచ్చగా ఊగుతోంది. నాన్నగారు పరవశించిపోయారు. "అబ్బ! ఏం పెరిగిందే చిట్టీ!" అన్నారు. నాలుగడుగులు వేసి మిగతా చేలోకి వచ్చేసరికి ఆయన మొహం వాడిపోయింది. అక్కడ ఒక్కో మొక్కా విడివిడిగా, మధ్యలో నేల కనిపిస్తూ, ఆ పచ్చటి గోడ ముందు పేదగా ఉంది. "ఇదేమిటి, ఇలా పలచబడిపోయింది?"

"అమ్మాయిగారే పీకించేసేరంటండి," అన్నాడు మీసాలాయన ఎంతో విచారంగా. "తెలీకండి, పాపం."

నాన్నగారు తలపట్టుకున్నారు. చేతికొచ్చిన చేను పీకి పారేసుకున్న చెల్లెల్ని కోప్పడడానికి కూడా ఆయనకి మనసు రాలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. "పోనీలేవే. నువ్వు మాత్రం ఏం చేస్తావు. ఇంక ఆ సంతకమేదో..." అన్నారు మెల్లగా.

"పొత్తులు ఒలిచేక మాట్లాడదాం అన్నయ్యా," అంది చిట్టత్త. గొంతు పెంచలేదు. కానీ మా నాన్నగారి మాట మధ్యలో ఆపిన మనిషిని నేను ఆ రోజే మొదటిసారి చూశాను. పదిమంది చేత సంస్కృతం వల్లె వేయించే ఆయన నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు.

కోత రోజు వచ్చింది. ఆ రెండు నెలలూ నేను దేవుళ్లకి మొక్కినన్ని మొక్కులు నా పరీక్షలకి మొక్కితే యూనివర్సిటీకి మొదటిదాన్నై ఉండేదాన్ని. నాన్నగారూ మీసాలాయనా మళ్లీ వచ్చారు. నాన్నగారు తిన్నగా రేవు పక్క చెక్కలోకే వెళ్లి అన్నిటికంటే పొడుగాటి మొక్క చూసి పొత్తు కోసం తడిమారు. పొత్తు లేదు. పక్కదాన్ని తడిమారు. దానికి బొటనవేలంత ఉంది. ఆకు ఒలిచి చూస్తే మామ్మ నోరు గుర్తొచ్చింది, అక్కడో పన్ను, ఇక్కడో పన్ను. కొన్ని మొక్కలు సన్నటి కాడ మీద నిలవలేక పక్కవాటి మీద ఒరిగిపోయాయి. ఆ గోడంతా వెతికినా చేటెడు పొత్తులు రాలేదు. ఇటు చిట్టత్త పలచబరిచిన చేలో ఏ మొక్క దగ్గర ఒలిచినా ఒకటే పొత్తు, మొదలు నుంచి కొస దాకా గింజలు పట్టి, ఒకదానికొకటి తీసిపోకుండా ఉంది. గోరువంకలు తిన్న ఖాళీల పక్కనున్న మొక్కలకి ఇంకా లావుపాటివి వచ్చాయి గానీ, పోయిన మొక్కల లోటు అవి తీర్చలేకపోయాయి. పాట పెద్దమ్మ పొత్తుల కుప్ప చూసి చెంపలు వాయించుకుంది. ఆయ్ బాబుగారు ప్రతి పొత్తుకీ "ఆయ్, ఆయ్" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. మీసాలాయన మాత్రం ఒక పొత్తు చేతిలో తిప్పి చూసి, "పండిందండి," అని ఒప్పుకున్నాడు. మర్యాదస్థుడని ముందే చెప్పానుగా.

నాన్నగారు గట్టు మీద కూర్చున్నారు. "నీ భూమి నువ్వే ఉంచుకోవే చిట్టీ. పనివాళ్లని పెట్టు. ఇంట్లో ఉండి అజమాయిషీ చేద్దువుగాని," అన్నారు.

"ఇంట్లో కాదన్నయ్యా. ఇక్కడ చిన్న పాక వేయించు. నేను ఇక్కడే ఉంటాను. పాట పెద్దమ్మది ఈ లంకే. తోడుంటుంది."

"ఇదేం మాటే? మా ఇంట్లో నీకేం లోటు చేశాం?"

చిట్టత్త నాన్నగారి పక్కన కూర్చుంది. చిన్నప్పుడు తప్ప ఎప్పుడూ అలా కూర్చున్నట్టు లేదు. "లోటేం లేదన్నయ్యా," అంది. "చోటే లేదు."

నాన్నగారు ఏదో శ్లోకం చెప్తారనుకున్నాను, ఆయనకి ప్రతిదానికీ ఒకటి ఉండేది. ఆ రోజు ఏమీ రాలేదు. పాక వేయించారు. చిట్టత్తని దింపి వచ్చేటప్పుడు పడవలో నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ మమ్మల్ని కాదనుకుందనీ, మా మీద ప్రేమ లేదనీ నా ఏడుపు. ఒడ్డున నిలబడిన చిట్టత్త మాత్రం ఏడవలేదు. అది చూసి ఇంకా ఏడ్చాను. ఆవిడ అప్పుడు పడిన సంతోషం ఎటువంటిదో అర్థం కావడానికి నేను ఆవిడ వయసుదాకా వచ్చి, ఆవిణ్ణి దాటి కూడా కొంత దూరం నడవాల్సి వచ్చింది.

ఆ తరవాత కొన్నాళ్లకి, మామ్మకి ఒంట్లో బాగాలేదని తెలిసి చిట్టత్త చూడడానికి వచ్చింది. అంతకుముందు ఆవిడ మా ఇంట్లోకి రావడమంటూ ఎక్కడుంది, ఎప్పుడూ ఉండేదే కదా! ఆ రోజు మాత్రం గుమ్మంలో నిలబడింది. నాన్నగారు పడక్కుర్చీలోంచి లేచి ఎదురెళ్లి, "రావే, లోపలికి రా. ఇలా కూర్చో," అన్నారు. అమ్మ కాళ్లకి నీళ్లిచ్చింది. చిట్టత్తకి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు, కుర్చీ అంచున కూర్చుంది. నేను హడావిడిగా వంటింట్లోకి పరుగెత్తి కాఫీ పెట్టాను. పొంగించి, సగం పొయ్యిపాలు చేసి, మిగిలింది గ్లాసులో పోసి, పంచదార డబ్బా చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. నాన్నగారికి ఎంత వెయ్యాలో నాకు తెలుసు. మామ్మకెంతో తెలుసు. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే చుట్టాలకి ఎంతో కూడా తెలుసు. "అమ్మా, అత్తకి పంచదార ఎంత?" అని వంటింటి గుమ్మంలోకొచ్చి కేకేశాను. అమ్మ నాన్నగారి వైపు చూసింది. నాన్నగారు మామ్మ వైపు చూశారు. ఇన్నేళ్లూ అందరికీ కలిపి ఇచ్చింది చిట్టత్తే గానీ, ఆవిడ ఎలా తాగుతుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తోచినంత వేసి ఇచ్చాను. చిట్టత్త నెమ్మదిగా, ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, "బాగుందే," అంది. నిజంగా బాగుందో, మర్యాదకి అందో నాకు ఇప్పటికీ తెలియదు.